ఏ సీసాలో ఎంత మంట?

టబాస్కో సాస్‌ని చూసి నవ్వే గుంటూరు వాళ్లతో నాకో చిన్న పేచీ ఉందండీ. నేనూ ఆ వైపు మనిషినే కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను. అమెరికా నుంచి వచ్చిన అల్లుడుగారు ఆమ్లెట్ మీద నాలుగు చుక్కలు చిలకరించుకుంటాడు. పక్కనున్న పెద్దాయన ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, "ఇదీ ఒక కారమేనా బాబూ? మా ఇంట్లో చంటిదానికి కలిపే పప్పన్నం దీనికంటే మండుతుంది" అంటాడు. అందరూ నవ్వుతారు. అల్లుడూ నవ్వుతాడు, పెద్దవాళ్ల మాట కదా మరి.

అంకెలు చూస్తే పెద్దాయనదే గెలుపు. మంటని కొలిచే స్కోవిల్ లెక్కలో టబాస్కో సాస్ 2,500కీ 5,000కీ మధ్య ఉంటుంది. మన సన్నం కాయ 35 వేలు, 40 వేలు. తేజ అయితే ఇంకా పైమాటే. కానీ ఆ సీసాలోకి వెళ్లే టబాస్కో మిరపకాయ లెక్క ఎంతో చూశారా? 30 వేల నుంచి 50 వేలు. సన్నానికి సరిజోడు, ఒక్కోసారి ఓ పిసరు ఎక్కువే. కాయ దగ్గర మనకీ వాళ్లకీ తేడా లేదు. తేడా అంతా దానిలో పోసిన వెనిగర్‌ది. చెంచాడు కారప్పొడి తీసుకెళ్లి చెంబుడు చారులో కలిపి, ఆ చారు తాగి "గుంటూరు కారం ఇంతేనా" అంటే మనం ఊరుకుంటామా?

ఇంకో తిరకాసు కూడా ఉంది. మిరపకాయలకి చెప్పే అంకెలు ఎండు బరువు మీద కట్టినవి. పచ్చికాయలో ఎక్కువ భాగం నీరే కాబట్టి కొరికినప్పుడు ఆ అంకెంత మంట నోటికి తగలదు. ఇక సాస్ అంటారా, అది పూర్తిగా తడి సరుకు. ఎండుకాయ అంకెని పట్టుకుని తడి సాస్‌తో పోటీకి దిగడం న్యాయం కాదని నా వాదన.

ఈ స్కోవిల్ ఎవరంటారా? విల్బర్ స్కోవిల్ అని డెట్రాయిట్‌లో పార్క్ డేవిస్ అనే మందుల కంపెనీలో ఫార్మసిస్టు. ఆయనకి వంటతో పని లేదు. నొప్పులకి రాసుకునే మందులో మిరప సారం వేస్తారు కదా, అది ప్రతిసారీ ఒకే మోతాదులో మండాలి. ఎక్కువైతే చర్మం ఊడుతుంది, తక్కువైతే నొప్పి పోదు. అందుకని 1912లో ఒక పద్ధతి కనిపెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో కలిపి ఐదుగురికి రుచి చూపించడం, మంట తెలుస్తోందంటే ఇంకాస్త నీళ్లు కలపడం, అలా కలుపుతూ పోయి వాళ్లలో ఎక్కువమందికి ఇక మంట తెలియడం లేదు అనేదాకా పోవడం. ఎన్ని రెట్లు పలచన చేస్తే మంట మాయమైందో అదే ఆ కాయ అంకె. ఈ లెక్కలో స్వచ్ఛమైన క్యాప్సైసిన్ ఒక కోటీ 60 లక్షలు.

చూశారా, మొత్తం వ్యవహారం ఐదుగురి నాలుకల మీద నడిచింది. వాళ్లలో ఒకడు ఆ ఉదయం ఏం తిన్నాడో ఎవరికి తెలుసు! ఇప్పుడు నాలుకల అవసరం లేదు, యంత్రంలో పెట్టి క్యాప్సైసిన్ ఎంతుందో తేల్చేస్తారు. దాన్ని మళ్లీ స్కోవిల్ అంకెలోకి మారుస్తారు, అలవాటైన పేరు కదా అని. యంత్రం అబద్ధం చెప్పదు గానీ అది చెప్పేది ఒక్క సంగతే. మంట ఎంత అని. ఎప్పుడు మొదలవుతుంది, ఎక్కడ తగులుతుంది, ఎంతసేపు కూర్చుంటుంది, అది దిగాక నోట్లో ఏం మిగులుతుంది అన్నవి దానికి పట్టవు. సాస్ రుచి చూసేవాడికి కావలసింది మాత్రం అవే.

మన నోట్లో జరిగేదేమిటో రెండు ముక్కల్లో చెప్పి సీసాల దగ్గరికి వచ్చేస్తాను. నాలుక మీద వేడిని కనిపెట్టే ఒక ద్వారపాలకుడు ఉన్నాడు, పేరు టీఆర్‌పీవీ1. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తలుపు తీసి "కాలుతోంది" అని మెదడుకి కబురు పంపుతాడు. క్యాప్సైసిన్ వచ్చి తలుపు తట్టినా అదే కబురు పంపుతాడు, పాపం. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గుట్టు పట్టుకుంది. 2021లో ఆయనకి ఆర్డెమ్ పటపుటియన్‌తో కలిపి నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఉండే ద్వారపాలకుడు క్యాప్సైసిన్‌ని లెక్కచేయడు, అందుకే చిలకలు పండు మిరపకాయల్ని జామపండు తిన్నట్టు తినేస్తాయి. మన పనికొచ్చే సంగతి ఇంకొకటి: పులుపు తగిలినా, పదార్థం వేడిగా ఉన్నా ఆ తలుపు ఇంకా తేలిగ్గా తెరుచుకుంటుంది. పొగలు కక్కే అన్నంలో మండిన పచ్చడే చల్లని పెరుగన్నంలోకి వచ్చేసరికి సాధువైపోయేది ఇందుకే.

టబాస్కో సంగతీ ఇందులోనే తేలిపోయింది. అది దాదాపు పులుపే. వెనిగర్ ముందు వచ్చి చురుక్కుమనిపిస్తుంది, దాని వెనకే మిరప. రెండూ నాలుక ముందు భాగంలోనే పని ముగించుకుని వెళ్లిపోతాయి. పట్టుమని నిమిషం ఉండదు. ఆ తర్వాత మిగిలేది కాస్త పులిసిన వాసన, కాస్త కొయ్య వాసన. ఆ కొయ్య వాసనకో కథ ఉంది.

అమెరికాలోని లూసియానాలో ఏవరీ ఐలాండ్ అని ఒక చోటు. పేరుకి దీవి, నిజానికి భూమిలోపలి నుంచి పైకి పొడుచుకొచ్చిన ఉప్పు కొండ. అంతర్యుద్ధంలో చితికిపోయిన ఎడ్మండ్ మాకిల్‌హెనీ అనే బ్యాంకు వ్యాపారి అత్తవారిది ఆ ఊరు. 1868లో అక్కడ మిరప వేసి, 1869లో 658 సీసాలు అమ్మాడు, సీసా డాలరు చొప్పున. సెంటు సీసాల్లాంటి చిన్న సీసాలు. ఒక్కో చుక్కే పడాలని మూతి సన్నగా పెట్టించాడు. కాయలు ఆకాశంలోకి చూస్తూ కాస్తాయి, మన చిట్టి మిరపకాయల్లా. కోసేవాళ్ల చేతిలో ఎర్రరంగు వేసిన చిన్న పుల్ల ఉండేది. కాయ ఆ ఎరుపుకి వస్తేనే కోయాలి. కోసిన కాయల్ని ఉప్పుతో నూరి ఓక్ పీపాల్లో నింపి, మూత మీద మందంగా ఉప్పు పరిచి, మూడేళ్ల దాకా ఊరబెడతారు. అంతకుముందు విస్కీ ఊరిన పీపాలవి. తర్వాత వెనిగర్ కలిపి, దాదాపు నెలపాటు తిప్పి, తొక్కలూ గింజలూ వడకట్టేస్తారు. మిరప, ఉప్పు, వెనిగర్, అంతే. నాలుగో వస్తువు లేదు.

ఇప్పుడు మనింటి కొరివికారం తలుచుకోండి. పండు మిరపకాయలు కడిగి, తడి లేకుండా తుడిచి ఆరబెట్టి, ఉప్పూ చింతపండూ వేసి తొక్కి జాడీకెత్తుతాం. మూడోరోజు తిరగతీసి నూరుతాం. వాళ్లకి మూడేళ్లు, మనకి మూడురోజులు. మొదటి అడుగు మటుకు రెండూ ఒకటే, పండుకాయ, ఉప్పు, ఓపిక. అక్కణ్నుంచి దారులు చీలాయి. వాళ్లు వెనిగర్ పోసి వడకట్టారు. మనం మెంతులూ ఇంగువా వేసి నూనెతో పోపు పెట్టాం. వాళ్ల మిరప పలచబడి సీసాలోకి పోయింది, మనది ముద్దగా విస్తట్లోకి వచ్చింది. దేని మర్యాద దానిది. కొరివికారం ఆమ్లెట్ మీద చుక్కలుగా వేయలేం. టబాస్కోతో ముద్ద కలపలేం. కలిపారా, ఆ అన్నం పెట్టినవాళ్లే తినాలి.

శ్రీరాచా దగ్గరికి వద్దాం. మీ ఇంట్లో పిల్లలుంటే ఫ్రిజ్ తలుపులో ఇది ఉండే ఉంటుంది. ఆకుపచ్చ మూత, తెల్లని కోడిపుంజు. పుట్టిల్లు థాయిలాండ్‌లోని సీరాచా అనే సముద్రతీరపు ఊరు. అక్కడి సాస్ పలచగా, ఇంకా తియ్యగా ఉంటుంది, చేపలకీ నత్తగుల్లలకీ నంచుకుంటారు. మనకి తెలిసిన చిక్కటి శ్రీరాచా లాస్ ఏంజెలిస్‌ది. వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చిన డేవిడ్ ట్రాన్ 1980లో మొదలుపెట్టాడు. తనని దేశం దాటించిన ఓడ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు, హుయ్ ఫాంగ్ అని. కోడిపుంజు ఆయన పుట్టిన సంవత్సరం గుర్తు.

మంట ఎంత? 1,000 నుంచి 2,500 అంటారు. టబాస్కోకంటే తక్కువే. అయినా తిన్నవాళ్లు "ఇదే ఎక్కువ మండుతోంది" అనడం నేను విన్నాను. ఎందుకంటే టబాస్కో చుక్కల్లో పడుతుంది, ఇది ధారగా పడుతుంది. చుక్కకీ ధారకీ మధ్య తేడా ఏ స్కోవిల్ లెక్కలోనూ ఉండదు. పైగా ఇది చిక్కన, నాలుకని పట్టుకుని జారదు. ముందు తీపి తగులుతుంది, తర్వాత వెల్లుల్లి, ఆ తర్వాత తీరిగ్గా మిరప. అందులో వేసేది పండిన హాలపెన్యో కాయ, పెద్దగా మండని దళసరి కాయ. మన బజ్జీ మిరపకాయ తినేవాళ్లకి ఆ కండ రుచి అలవాటే.

నా మాట అడిగితే శ్రీరాచా మంచి సాసే గానీ వాచాలత్వం ఎక్కువ. దేనిమీద వేసినా అదే మాట్లాడుతుంది. దోసె మీద వేస్తే దోసె కనపడదు, నూడుల్స్ మీద వేస్తే నూడుల్స్ కనపడవు. వెల్లుల్లీ పంచదారా కలిసి చేసే పని అది. సాదా పదార్థానికి, అంటే ఉప్మా, ఉడికించిన కోడిగుడ్డు, చప్పటి ఫ్రైడ్ రైస్ లాంటివాటికి మాత్రం ప్రాణం పోస్తుంది.

దీని కథలో మనకి నవ్వొచ్చే ఘట్టం ఒకటి ఉంది. ఇర్విండేల్ అనే ఊళ్లో పెట్టిన పెద్ద ఫ్యాక్టరీ నుంచి మిరప ఘాటు వస్తోంది, కళ్లు మండుతున్నాయి, గొంతు పట్టేస్తోంది అని 2013లో ఊరు కోర్టుకెళ్లింది. 2014లో ఆ దావా వెనక్కి తీసుకున్నారనుకోండి. గుంటూరు మిర్చి యార్డు పక్కన వేసవిలో కాపురం చేసినవాళ్లు, ఖమ్మంలో తేజ బస్తాల మధ్య తుమ్ముకుంటూ నడిచినవాళ్లు, కారం మర ఎదురింట్లో పెరిగినవాళ్లు ఈ వార్త చదివి ఏమనుకుని ఉంటారో! మన దగ్గర కోర్టుకెళ్తే జడ్జిగారు కూడా తుమ్మి, "తర్వాత" అనేవారు. మరి ఆ కంపెనీకి అసలు దెబ్బ వాసన వల్ల తగల్లేదు. దశాబ్దాలుగా కాయ పండించిన రైతుతో చెడిపోయింది, తర్వాత మెక్సికో పంట ఎండలకి దెబ్బతింది, 2022లోనూ 2023లోనూ సీసా దొరకడం గగనమైంది. 2024లో కాయలు సరిగ్గా ఎర్రబారలేదని కొన్నాళ్లు తయారీనే ఆపేశారు. రంగు రాని కాయ వద్దు అనే పట్టుదల మటుకు నాకు నచ్చింది. మన ఊరగాయల వ్యాపారులు కొందరు ఆ మాట వింటే బాగుండును.

రంగు అన్నాను గనక ఒక మాట. ఎరుపుకీ మంటకీ సంబంధం లేదు. కర్ణాటక బ్యాడిగి కాయ చూడండి, రక్తం రంగు, మంట అంతంతమాత్రం. వరంగల్ చపాటా, మనవాళ్లు టమాటా మిర్చి అంటారే, 2025లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది, అదీ అంతే. ఆవకాయకి ఎర్రదనం ఒక కాయ ఇస్తుంది, చురుకు ఇంకో కాయ ఇస్తుంది, తెలిసిన ఇల్లాళ్లు రెండూ కలిపి కొట్టిస్తారు. సీసా ఎర్రగా ఉందని భయపడకండి, పసుపుపచ్చగా ఉందని చనువు తీసుకోకండి.

పసుపుపచ్చ సీసా అనగానే నాకు నోరూరుతుంది. బార్బడోస్ దీవి సాస్ అది. స్కాచ్ బానెట్ అని టోపీ నలిగినట్టుండే చిన్న కాయ, దాంట్లో ఆవాలు, పసుపు, ఉల్లిపాయ, వెనిగర్. ఇంకోసారి చదవండి. ఆవాలు, పసుపు, మిరప, పులుపు. వేల మైళ్ల అవతల, అట్లాంటిక్‌లో, మన ఆవకాయ మసాలా దాదాపు యథాతథంగా కూర్చుని ఉంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారని కాదు. మిరప ఘాటుకి ఆవఘాటు జత చేస్తే బాగుంటుందని రెండు చోట్లా నాలుకలు తేల్చుకున్నాయి. మిరప మంట నాలుక మీదా గొంతులోనూ కూర్చుంటుంది. ఆవఘాటు ఆవిరైపోయే రకం, సరాసరి ముక్కులోకి ఎక్కి నషాళానికి అంటి, క్షణంలో దిగిపోతుంది. అది దిగేసరికి ఇది మొదలవుతుంది. కొత్త ఆవకాయ మొదటి ముద్దకి మనం తల విదిలించి మళ్లీ ముద్ద కలిపేది ఆ వరస కోసమే. బార్బడోస్ సాస్‌లోనూ అదే వరస. కాకపోతే వాళ్లకి నూనె లేదు, వెనిగర్ ఉంది. అందుకని త్వరగా వచ్చి, త్వరగా శాంతిస్తుంది.

స్కాచ్ బానెట్, దాని తోబుట్టువు హబనెరో, రెండూ లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా పోయే కాయలు. సన్నం ముందు నిలబడితే సన్నమే పసిపిల్ల. కానీ వాటి గొప్ప ఆ అంకెలో లేదు. కోస్తే వచ్చే వాసన ఉంది చూడండి, బాగా మాగిన పండు వాసన. మన మిరపల్లో అది లేదు. మన కాయల సువాసన ఎండలో ఎండాక వస్తుంది, వేయించినప్పుడు వస్తుంది. వాళ్ల కాయ పచ్చిగానే పరిమళిస్తుంది. మెక్సికోలో యుకటాన్ వాళ్లు హబనెరోని కాల్చి నిమ్మరసంలో నూరతారు, క్యారెట్ కలిపి సాస్ చేసేవాళ్లూ ఉన్నారు. ఆ సాస్ మంట తొందరపడదు. మొదటి చెంచాకి "ఇంతేనా" అనిపిస్తుంది. రెండో చెంచా నోట్లో పెట్టుకునేసరికి మొదటిది గొంతు వెనకాల లేస్తుంది. దీని దగ్గర తొందరపాటు పనికిరాదు. నాకు తెలిసిన సీసాల్లో రుచికీ మంటకీ పొత్తు ఇంత బాగా కుదిరింది ఇంకోటి లేదు.

చోలులా, టపాటియో లాంటి మెక్సికన్ తరహా సీసాలు మంచివే, పెద్దగా చెప్పుకోవలసింది లేదు. పులుపు తక్కువ, ఎండుమిరప రుచి ఎక్కువ. టబాస్కో పులుపు పడనివాళ్లు వాటితో మొదలుపెట్టొచ్చు. పెరిపెరి మీకు తెలిసిందే, చికెన్ దుకాణాల పుణ్యమా అని. నిమ్మ, వెల్లుల్లి, నూనె, చిట్టి మిరప. ఫ్రాంక్స్ రెడ్‌హాట్ అనే సీసా మంట 450 మాత్రమే, దాన్ని చూసి నవ్వితే నేను పేచీ పెట్టుకోను. కానీ ఒక్క సంగతి. 1964లో బఫెలో నగరంలో ఒక హోటలావిడ కోడి రెక్కలు వేయించి, ఇలాంటి కాయెన్ మిరప సాస్‌లో వెన్న కరిగించి వాటికి పట్టించింది. అమెరికా అంతా దాని వెంట పడింది. వెన్న ఎందుకు? క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. వెన్నలో కరిగిన మిరప నోరంతా సమంగా పరుచుకుంటుంది, ఒక్కచోటే గుచ్చదు. ముద్దపప్పూ ఆవకాయా కలిపిన అన్నంలో నెయ్యి వేయమని మన అమ్మమ్మలు చెప్పినప్పుడు ఈ రసాయనశాస్త్రం చెప్పలేదు గానీ జరిగేది అదే.

నూనె కొరత తీర్చే సీసా కావాలంటే హరిస్సా ఉంది, ట్యునీషియా వాళ్లది. సీసా అనకూడదు, డబ్బాల్లోనూ గొట్టాల్లోనూ వస్తుంది, ముద్దగా ఉంటుంది. ఎండుమిరపకాయలు నానబెట్టి, వెల్లుల్లి, ధనియాలు, షాజీరాకి దగ్గరి చుట్టమైన ఒక గింజ, ఉప్పు వేసి నూరి, పైన ఆలివ్ నూనె పోస్తారు. 2022లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. విదేశంలో ఉండి, ఇంటి పచ్చళ్లు అయిపోయి, ఊరి నుంచి వచ్చేవాళ్లెవరూ లేని రోజుల్లో వేడి అన్నంలో కలుపుకోవడానికి నేను సిఫార్సు చేసేది ఇదొక్కటే. తెలిసినవాళ్లు పోపు కూడా పెట్టుకుంటున్నారు. ట్యునీషియా వాళ్లు ఏమనుకుంటారో గానీ బాగుంటుంది.

ఇక పుర్రెబొమ్మ సీసాలు. మీరు చూసే ఉంటారు, వాటి మీద బాంబులూ అస్థిపంజరాలూ మంటలూ ఉంటాయి. వీటిల్లో చాలావాటిలో మిరపకాయ రుచి కోసం ఉండదు. మిరప నుంచి ద్రావకాలతో పిండి తీసిన సారం పోస్తారు. ఆ పరిశ్రమ మనకి కొత్తేం కాదు. మన తేజ మంట కోసం, బ్యాడిగి రంగు కోసం ఒలియోరెజిన్ అనే ఆ సారం తీసే ఫ్యాక్టరీలకి లారీల్లో పోతాయి. బిస్కెట్ల దగ్గర్నుంచి లిప్‌స్టిక్‌ల దాకా ఆ సారానికి వేరే మర్యాదైన ఉద్యోగాలున్నాయి. దాన్ని సాస్‌లో కలిపితే మాత్రం చేదు, లోహపు రుచి. హాట్ వన్స్ అని 2015 నుంచి వస్తున్న అమెరికన్ కార్యక్రమం ఉంది, అతిథి చేత ఒక్కోటీ ఇంకా మండే సాస్‌తో పది కోడిరెక్కలు తినిపిస్తూ కబుర్లు చెప్పిస్తారు. అందులో ఎక్కువమందిని కూలదోసిన సీసా ఆఖరిది కాదు. డా బాంబ్ అనేది, అంకె 1,35,600. దాని తర్వాత వచ్చేవి అంకెల్లో ఎన్నో రెట్లు పెద్దవి. అయినా సినిమా తారలు ముఖం మాడ్చుకునేది దీని దగ్గరే. రుచి లేని మంటని నోరు క్షమించదు.

రికార్డుల పిచ్చి వేరే సంగతి. 2007లో మన ఈశాన్యపు భూత్ జొలోకియా పది లక్షలు దాటి గిన్నిస్‌కెక్కింది. 2013లో ఎడ్ కరీ అనే ఆయన పెంచిన కరోలినా రీపర్ దాన్ని దాటి పోయింది. 2023లో ఆయనదే పెప్పర్ ఎక్స్ దాదాపు 27 లక్షలతో రీపర్‌ని కూడా వెనక్కి నెట్టింది. ఆ కాయ పూర్తిగా తిన్నాక కరీగారే మూడున్నర గంటలు మంటతో ఉండి, ఆపైన వానలో గోడమీద పడుకుని కడుపునొప్పితో మూలిగారట. పెంచినవాడి పరిస్థితే అదైతే! నాగాలాండ్, అస్సాం వాళ్ల ఇళ్లలో మాత్రం భూత్ జొలోకియాని అంకె కోసం తినరు. చిన్న ముక్క పంది మాంసం కూరలోనో వెదురు మొలకల్లోనో వేస్తారు, పొగ సువాసన కోసం. వాళ్లకి దాని మోతాదు తెలుసు. గిన్నిస్ వాళ్లకి తెలియదు.

మన చైనీస్ బండి మీద ఉండే ఎర్రసాస్, పచ్చసాస్ గురించి అడుగుతారని తెలుసు. పిండి, రంగు, వెనిగర్, పేరుకి మిరప. నూడుల్స్ వేడిపెనం మీద పొగలో పడి అది చేసే అల్లరి నాకూ ఇష్టమే. ఇంటికి మాత్రం తెచ్చుకోకండి.

ఇంట్లో నాలుగు సీసాలు పోల్చి చూడాలనిపిస్తే, చెంచాతో నాకడం వద్దు. అది సాస్‌కీ అన్యాయం, మీకూ అన్యాయం. ఉప్పు లేకుండా ఉడికించిన బంగాళాదుంప ముక్కలు చల్లార్చి పెట్టుకోండి. వేడిగా ఉంటే ద్వారపాలకుడు ముందే తలుపు తీసి కూర్చుంటాడని చెప్పాను కదా. తక్కువ అంకె నుంచి ఎక్కువకి వెళ్లండి. మధ్యలో నీళ్లు తాగకండి, నీళ్లతో మంట నోరంతా పాకడమే గానీ పోదు. పెరుగు తినండి, లేదా పాలు. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ని పట్టుకుని తనతో తీసుకుపోతుంది. భోజనాన్ని పెరుగన్నంతో ముగించేవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి సాస్‌కీ మంట దిగేదాకా ఆగండి, దిగాక నోట్లో ఏముందో చూడండి. పులుపు ఒక్కటే ఉంటే ఆ సీసా ఆమ్లెట్లకీ సూపులకీ. వెల్లుల్లి ఉంటే నూడుల్స్‌కి. పండు వాసన ఉంటే అది హబనెరో, దాన్ని చేపల వేపుడు మీదా, మామిడికాయ ముక్కల మీదా వేసుకోండి, నా మాట విని. చేదు ఉంటే అది పుర్రెబొమ్మ సీసా. దాన్ని మీతో వాదనకి వచ్చే బావగారికి కానుకగా ఇచ్చేయండి, ఆయన కాదనరు, కాదంటే పరువు పోతుంది.

ఎక్కడ పెట్టాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. టబాస్కోకి ఫ్రిజ్ అక్కర్లేదు, దాని ఉప్పూ వెనిగరే దానికి కాపలా. నెలలు గడిచేకొద్దీ ఎరుపు తగ్గి ఇటుక రంగుకి తిరుగుతుంది, కంగారుపడి పారేయకండి. శ్రీరాచా బయట ఉన్నా పాడవదు గానీ రంగు కోసం లోపల పెట్టుకోవడం మేలు. బార్బడోస్ సాస్‌ని తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉంచండి. హరిస్సాని కూడా లోపలే పెట్టి, వాడిన ప్రతిసారీ పైన చదును చేసి, నూనె తేలుతోందో లేదో చూసి, తేలకపోతే ఒక చెంచాడు పోయండి. తడి చెంచా పెట్టొద్దని మళ్లీ చెప్పాలా?